తొమ్మిది మూకుళ్ళు

పూతలపట్టు,
11-2-1945.

చంద్రకాంతకు,

మీ వదిన అలివేలమ్మ రాస్తున్నది. ఆశీర్వాదాలు చివర్లో రాస్తాను, ముందు నా కోపం తీరనీ.

మొన్న పొద్దున లేచి చూస్తే నువ్వు లేవు, నీ పెట్టె లేదు. "తిరపతికి పొయ్యే తొలి బస్సెక్కిందిమే నీ మరదలు" అని పాలు పోసే మునిరత్నమ్మ వచ్చి చెబితే తెలిసింది. పంతులమ్మ చదువు చదువుకోవద్దని నేనెప్పుడన్నా అన్నానా? మా తమ్ముడు పోయి మూడు నెలలు. మీ ఇల్లూ భూమీ చూసుకుందామని నేనూ మా ఆయనా ఐరాల నుంచి మూటాముల్లె కట్టుకొని వస్తే, నువ్వు ఒక్క మాట చెప్పకుండా పోతావా?

చెప్పింది నాకు కాదు, ఒక చీటీకి. మిద్దె మీద మూకుడు కింద పెట్టిపోయావే, అది దొరికింది. "పొద్దంతా ఎండ తగలాలి. వాననీళ్ళే పోయాలి, బావినీళ్ళు వద్దు. ఎరువు వద్దు. తినడానికి ఏమీ పెట్టొద్దు. నీడకు మార్చొద్దు." ఇదేం పెంపకమమ్మా! తులసమ్మకే ఇంత మడి లేదు.

నిన్న మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కి మొదటిసారి వంగి చూశాను. అణాకాసంత మొక్క, తడి ఇసుకకు అతుక్కొని, ఎర్రగా. ఆకు మీది ప్రతి వెంట్రుక కొసనా ఒక మంచుబొట్టు. నా అరికాళ్ళు కాలిపోతున్నాయి, ఆ బొట్లు మాత్రం ఆరలేదు. చూస్తుండగానే ఒక దోమ వచ్చి వాలింది, మళ్ళీ లేవలేదు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

పదో దినం కపిలబావి దగ్గర నేనన్న మాట నీ మనసులో ఉందని నాకు తెలుసు. దాన్ని గురించి రాయడం నాకు చేతకాదు. మూకుళ్ళు తొమ్మిది. మా తమ్ముడు చేత్తో పెట్టినవి. ఒక్కటి పోయినా నన్నడుగు.

తలకు నూనె పెట్టుకో. ఇక ఆశీర్వాదాలు.

అలివేలమ్మ


తిరుపతి,
25-2-1945.

పూజ్యురాలైన వదినకు,

నమస్కారాలు. చెప్పకుండా వచ్చినందుకు తిట్టావు, తిట్టాల్సిందే. చెబితే ఏడుస్తావు, నేను ఆగిపోతాను. అందుకే వచ్చేశాను.

ఇక్కడ హాస్టలులో నలభై మందిమి. లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట. నా పక్క మంచం చెంగమ్మది పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె. పప్పు వడ్డించిన ప్రతిరోజూ వాళ్ళ ఊరి రొయ్యల్ని తలుచుకొని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కాగితం దొరకడం లేదు వదినా, అందుకే అక్షరాలు ఇంత చిన్నవి.

ఆ మొక్కల సంగతి చెబుతాను. ఆయన బడిపిల్లలకు చూపిద్దామని చెరువు చివర ఇసుకలోంచి పెళ్ళగించి తెచ్చారు. చిన్నవి కదా మాడిపోతాయని మొదటి ఏడు జామచెట్టు కింద పెట్టారు. పొడుగ్గా సాగి పాలిపోయాయి, ఒక్క బొట్టు పట్టలేదు. విసుగెత్తి మిద్దె మీదికి ఎక్కించి వదిలేస్తే వారానికల్లా ఎర్రబడ్డాయి. "జాలిపడి సంపబోయినా గదా సెంద్రా" అని నవ్వేవారు. ఎండ ఎంత తగిలితే వాటికి అంత రంగు.

పదో దినం మాట నువ్వు రాయలేనన్నావు. నేను రాస్తాను. నువ్వు నా గాజులు పగలగొట్టావు. ఎర్రగాజులు, ఆయన ఇక్కడే తిరుపతిలో కొన్నవి. దానికి నాకు కోపం లేదు. ఎవరో ఒకరు చేయాలి. కానీ పగలగొడుతూ ఊరంతా వింటుండగా అన్నావు, "ఈగల్ని తినే సెట్టుకు నీళ్ళు పోసి పోసి నా తమ్మున్ని దానికి అప్పజెప్పినావు గదమే" అని. ఆయన విషజ్వరంతో పోయారు వదినా. పద్నాలుగు రోజులు పక్కనే కూర్చున్నది నేను.

అక్టోబరులో నా పరీక్ష పాఠం. పరీక్ష చేసేవాళ్ళ ముందు పిల్లలకు ఆ మొక్కల్ని చూపించి చెప్పాలని ఆశ. ఆయన చెప్పే పాఠమే అది. అంతవరకు కాస్త చూడు. ఎలా ఉంటే అలా రాయి, అంతకంటే ఏమీ అడగను.

మీ ఆయన ఎల్లప్పన్నకు నమస్కారాలు.

చంద్రకాంత


పూతలపట్టు,
3-5-1945.

చిరంజీవి చంద్రకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. గానుగ దగ్గర బెల్లం వంటలు, చెనిక్కాయలు, పెళ్ళి పిలుపులు, ఒకదాని మీద ఒకటి. రేపటినుంచి కత్తిరి ఎండలు. ఇప్పటికే మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగడం లేదు.

మూకుళ్ళు తొమ్మిదీ బాగున్నాయి. మేం మాడిపోతున్నాం కానీ అవి కళకళలాడుతున్నాయి. ఒక్కొక్కటి ఎంత ఎరుపు! పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి వాననీళ్ళు పోస్తున్నాను. నీడకు మార్చలేదు. బొట్లు ముత్యాల్లా ఉన్నాయి. మునిరత్నమ్మ కూడా చూసి ముక్కున వేలేసుకుంది.

వాటి గురించి నువ్వు దిగులు పెట్టుకోవద్దు. చదువు మీద మనసు పెట్టు. సెలవులకు రావాలని కూడా తొందరేమీ లేదు, ఈ ఎండల్లో బొగ్గు పొగతో నడిచే ఆ బస్సులో నలిగి రావద్దు.

అలివేలమ్మ


తిరుపతి,
15-5-1945.

మా వదినకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెంగమ్మకు చదివి వినిపించాను. నిజమా వదినా? కత్తిరి ముంగిట కూడా ఎర్రగా ఉన్నాయా? ఆయనకే ఐదేళ్ళలో ఒక్కసారీ చేతకాలేదు!

ఏటా ఉగాది వచ్చేసరికి అవి నల్లబడి, నలిగి, ఇసుకలో కలిసిపోయేవి. మొదటి ఏడు నేను ఏడ్చాను. అప్పుడాయన చెప్పారు. వాటి ఆయుష్షే అంత, పూలు పూసి ఎండిపోతాయి, ముక్కుపొడి లాంటి విత్తనం ఆ ఇసుకలోనే రాలి ఉంటుంది అని. మూకుళ్ళు అలాగే, మన్ను కదల్చకుండా, అటక మీద పెట్టేవారు. వానలు పడ్డాక దించి ఎండలో పెట్టి నీళ్ళు పోస్తే మళ్ళీ మొలిచేవి. వేసవికి నేనే వచ్చి అటకెక్కిద్దామనుకున్నాను, అందుకే చీటీలో ఆ సంగతి రాయలేదు. నీ చేతిలో ఏముందో గాని, అటక అవసరమే లేకుండా చేశావు.

ఒక నిజం చెప్పనా? నువ్వు వాటిని నీడకు లాగి ఉంటావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. లోపల్లోపల నిన్ను చాలా తిట్టుకున్నాను. మన్నించు. ఈ రాత్రి మంచం మీద పడుకొని పదో దినం మాట తలుచుకుంటే మొదటిసారి నొప్పి లేదు. ఆ మొక్కల్ని ఇంత చూసుకున్న మనిషి ఆ మాట మనసారా అని ఉండదు. నేను మరిచిపోయాను వదినా, నువ్వూ మరిచిపో.

మా ప్రకృతి పాఠాల పంతులమ్మ జ్ఞానాంబగారికి చెబితే నమ్మడం లేదు. ఒక్క మూకుడు ఎల్లప్పన్న చేత బస్సులో పంపిస్తావా? చూపించి తిరిగి పంపేస్తాను.

నీ చంద్ర


పూతలపట్టు,
3-6-1945.

చంద్రకు,

మూకుడు పంపడం కుదరదు. బస్సులో కుదుపులు. మీ అన్నకు తీరిక లేదు. మీ పంతులమ్మ నమ్మకపోతే నమ్మకపోనీ, ఆమె నమ్మకం మనకెందుకు.

మొక్కల మాట ఇక ప్రతి ఉత్తరంలో అడగకు. ఉన్నచోట ఉన్నాయి.

అలివేలమ్మ


తిరుపతి,
20-6-1945.

వదినకు,

నీ కార్డు చేరింది. అర్థమయింది.

మీ తమ్ముడి మొక్కలు, మీ ఇంట్లోనే ఉండాలి. ఒక్క మూకుడు గడప దాటితే నేను ఒక్కొక్కటిగా అన్నీ పట్టుకుపోతానని భయం కాబోలు. భూమి నేను అడగలేదు, ఇల్లు అడగలేదు. ఒక మట్టిమూకుడు అడిగాను, అదీ వారం రోజులకు. అడగడం నా తప్పే.

చదువు అయ్యాక పులికాట్ వైపు బడికి వేయించుకుందామని చెంగమ్మ అంటున్నది. సరేనన్నాను. కార్తీకంలో ఆయన సంవత్సరీకానికి నేను లేకపోయినా జరుగుతుంది, మీ అందరూ ఉన్నారు కదా.

చంద్రకాంత


పూతలపట్టు,
8-7-1945.

అమ్మా చంద్రా,

ఈ ఉత్తరం రాయడానికి పదిహేను రోజులు పట్టింది. మూడు కాగితాలు చింపాను. మా ఆయన "సెప్పెయ్యి మే, ఇంకెన్నాళ్ళు మింగుతావు" అన్నాడు. చెబుతున్నాను.

మొక్కలు లేవు.

మార్చి చివర ఎండ ముదిరింది. చీటీ చదివాను, చదవలేదని అనను. కానీ పసిగుడ్డంత మొక్కను ఆ మిద్దె మీద వదిలి నేను కిందికొచ్చి పందిరి కింద కూర్చోలేకపోయాను. దించి వసారాలో పెట్టాను. తొట్టిలో వాననీళ్ళు అయిపోతే బావినీళ్ళు పోశాను. పాలిపోయాయి. ఆకలేమో అనుకొని ఉగ్గుగిన్నెతో ఒక్కొక్క దానికి పాలు పట్టాను. నవ్వుకో, ఫర్వాలేదు. ఉగాదినాటికి తొమ్మిదీ నల్లబడ్డాయి.

అవి ఎండే కాలం అదేనని నాకేం తెలుసమ్మా? ఎండ తగలనీయకుండా చంపాననుకున్నాను. అంతకంటే, నా నోరు తగిలిందనుకున్నాను. బావి దగ్గర నేనన్న మాటే తిరిగి వచ్చి వాటిని తిన్నదనుకున్నాను. ఆ మన్ను చూస్తే నాకు దడ. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు తట్టలో వేసుకొని పోయి, పెంటలో వేయడానికి చేయి రాక, కపిలబావి నీళ్ళు పారే కాలవ గట్టు మీద ఇసుక ఉన్నచోట కుమ్మరించాను. మూకుళ్ళు తోమి గోడవారన బోర్లించాను. కళకళలాడుతున్నాయని నీకు ఉత్తరం రాసిన పొద్దు అవి ఆ బోర్లించినట్టే ఉన్నాయి.

ఎందుకు రాశానంటావా? చచ్చిపోయాయని రాస్తే నీకు ఈ ఇంటికి రావడానికి ఇంకేమీ మిగలదని. నాకున్న ఒక్క తమ్ముడు పోయాడు. వాడి తర్వాత వాడి మాట మాట్లాడుకోవడానికి నాకు నువ్వే ఉన్నావు. రావద్దని రాసిందీ అందుకే, వస్తే చూస్తావని.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అందులో నువ్వు నన్ను మన్నించావు. చేయని పనికి మన్నించావు. అది చదివి నేను రెండు రోజులు సంగటి ముట్టలేదు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మూకుడు పంపమన్నావు, ఏం పంపను? అందుకే కసురుకున్నాను. భూమి మీద, ఇంటి మీద ఆశతో కాదు, వాడి మీద ఒట్టు.

ఇంకొకటి కూడా ఉంది. వాడికి జ్వరం రాకముందు నెల, నేను ఇక్కడికి వచ్చినప్పుడు, "అక్కా, మిద్దె మీదికి రా, నీకొకటి సూపిస్తా" అన్నాడు. "సెనిక్కాయలు వొలవాల్లరా, ఈగలు తినే పీనుగ మొక్కల్ని సూసే తీరిక నాకు లేదు" అన్నాను. వాడు నవ్వి ఒక్కడే ఎక్కిపోయాడు. ఎక్కి ఉంటే ఎంతసేపు పట్టేది చంద్రా?

నన్ను మన్నించమని అడగను. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

అలివేలమ్మ


తిరుపతి,
22-7-1945.

వదినకు,

ఇప్పుడు పెద్ద ఉత్తరం రాయలేను.

మన్ను పోసిన చోట తవ్వొద్దు. గొడ్లను పోనీయొద్దు. కంప వేసి మూయొద్దు, ఎండ తగలాలి. గడ్డి మొలిస్తే మొలవనీ, పీకితే విత్తనం దానితో వచ్చేస్తుంది.

నీకు ఏది కనిపిస్తే అది రాయి. కనిపించిందే రాయి.

చంద్రకాంత


పూతలపట్టు,
12-8-1945.

చంద్రకు,

రెండు వానలు పడ్డాయి. రోజూ మధ్యాహ్నం పోయి చూస్తున్నాను. ఇసుక తప్ప ఏమీ లేదు.

అలివేలమ్మ


పూతలపట్టు,
2-9-1945.

చంద్రకు,

గడ్డి వచ్చింది. పీకలేదు. మొక్కలు రాలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తుంటే మీ అన్న నవ్వుతాడు. "ఏమే, గట్టుకు కాపలా కాస్తాండావా? ఈ గట్టు కింద లంకెబిందె ఉండాదని ఊరోళ్ళు పారలు తెస్తారు సూడు" అంటాడు. యుద్ధం అయిపోయిందని పంచాయతీ అరుగు మీద చెప్పుకున్నారు. కిరసనాయిలు మాత్రం ఇంకా రాలేదు.

అలివేలమ్మ


పూతలపట్టు,
23-9-1945.

చంద్రకు,

ఈసారి ఎర్రగా ఏదో కనిపించి గుండె ఆగినంత పనయింది. చీమల బారు. రాయకుండా ఉందామనుకున్నాను, కనిపించిందే రాయమన్నావు కదా. మొక్కలు లేవు. నీ పరీక్ష పాఠం దగ్గరికి వచ్చింది, దానికి ఏమీ అందించలేకపోతున్నాను.

అలివేలమ్మ


పూతలపట్టు,
14-10-1945.

చంద్రకు,

మంచి వాన. కాలవ గట్టు తాకి పారింది. నేను పోసిన మన్ను సగం కొట్టుకుపోయి ఉంటుంది. ఈ రోజూ ఏమీ లేదు.

అలివేలమ్మ


తిరుపతి,
28-10-1945.

వదినా,

పాఠం అయిపోయింది. మొక్క లేకుండానే చెప్పాను. బోర్డు మీద ఎర్రసుద్దతో గీశాను, బొట్లు తెల్లసుద్దతో పెట్టాను. "టీచర్, ఎండకు అవి ఆరిపోవా?" అని వెనక బెంచీ పిల్ల అడిగింది. ఆరవని చెప్పి ఇంకో బొట్టు పెట్టాను. మొదట్లో ఒక మాట తప్పు చెప్పినా జ్ఞానాంబగారు బాగుందన్నారు.

నీ కార్డులు నాలుగూ నా పెట్టెలో ఉన్నాయి. ఇసుక, గడ్డి, చీమలు, వాన. ముత్యాల్లాంటి బొట్ల ఉత్తరం చింపేశాను, ఇవి చింపలేదు. ప్రతి కార్డూ చదివాక నువ్వు ఎండలో గట్టు మీద కూర్చున్నట్టు కనిపించేది.

నా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. చీటీలో ఎండాకాలం సంగతి రాయకపోవడం మరపు కాదు. ఇంకో రెండు ముక్కలు రాసేంత చోటు ఉంది. "ఆమెకు తెలియకపోతే తెలియకపోనీ, అన్న మాటకు అనుభవించనీ" అన్న పౌరుషంతో ఆపేశాను. ఆ రెండు ముక్కలు రాసి ఉంటే నువ్వు మూకుళ్ళు తోమేదానివి కాదు. జూన్‌లో భూమి మాట, ఇల్లు మాట ఎత్తాను. అది ఇంకా పెద్ద తప్పు.

పదో తేదీ శనివారం బస్సుకు వస్తున్నాను. ఆయన సంవత్సరీకానికి ఉంటాను. పులికాట్ మాట చెంగమ్మకు వద్దని చెప్పేశాను. మొక్కలు మొలిచినా మొలవకపోయినా ఆ గట్టు మీద నీతో కాసేపు కూర్చోవాలని ఉంది.

చంద్ర


పూతలపట్టు,
6-11-1945.

నా తల్లీ చంద్రా,

నీ ఉత్తరం మొన్న చేరింది. ఇల్లు అలికించాను. శనివారం మధ్యాహ్నం మీ అన్న కూడలి దగ్గర బస్సుకు ఎదురొస్తాడు. నేను వస్తే నలుగురిలో ఏడుస్తానని వద్దన్నాడు.

ఈ పొద్దు జరిగింది కూడా ఉన్నది ఉన్నట్టే రాస్తాను. లేకపోతే నువ్వు వచ్చాక చెప్పడం నాకు చేతకాదు.

నాలుగు రోజుల వాన వెలిసి ఈ పొద్దు తెరిపి ఇచ్చి ఎండ కాసింది. మధ్యాహ్నం కపిల కాలవకు పోయాను. పదడుగుల దూరం నుంచే కనిపించాయి. గట్టు వాలులో, తడి ఇసుకలో, ఎర్రగా, ఎండకు మెరుస్తూ. ఒకటి కాదు, పది పన్నెండు. "మొలిసినాయయ్యో! మొలిసినాయి! రా!" అని కేక పెట్టాను. మీ అన్న కపిల ఎద్దుల్ని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నేను బురదలో మోకాళ్ళ మీద కూలబడి చూశాను.

గాజుముక్కలమ్మా. వానకు ఇసుక కొట్టుకుపోయి పైకి తేలాయి. నీ ఎర్రగాజులు. అక్కడే కదా పదో దినం చేసింది. నేను పగలగొట్టినవే.

మీ అన్న వంగి చూశాడు. నా పక్కనే బురదలో కూర్చున్నాడు. తర్వాత "ఏరుదాం పట్టు, పిల్ల శనివారం ఈడికి వస్తాది, కాళ్ళకు గుచ్చుకుంటాయి" అన్నాడు. ఇద్దరం ఏరాము. నా వేలు తెగింది, పెద్ద దెబ్బేమీ కాదు. మళ్ళీ మళ్ళీ వెతికాను, ఒక్క ముక్క కూడా అక్కడ ఉంచలేదు.

ఏరినవి ఎక్కడ పారేయాలో నాకు తోచలేదు. ఇంతకు ముందు తోచినచోట పారబోసి ఏం చేశానో నీకు తెలుసు. అందుకే బోర్లించిన మూకుడు ఒకటి తీసి, అందులో పోసి, మిద్దె మీద వాడి మూకుళ్ళు ఉండే చోటే ఎండలో పెట్టాను. నువ్వు వచ్చి ఏం చేయమంటే అది చేస్తాను.

మొక్కలు మొలవలేదు. నువ్వు రా.

మీ వదిన
అలివేలు